బండి మీద ఒట్టు

మొన్న ఊరికి పోయినప్పుడు మా మరిది కొడుకు వాకిట్లో నిలబడి నన్నొక సలహా అడిగాడు. "పెద్దమ్మా, ట్రాక్టర్ ఇంజన్ ఖరాబైంది. రిపేర్ చేయించాల్నా, ఇది ఇచ్చేసి కొత్తది తీస్కోవాల్నా? నువ్వేమంటవ్?" నాకు నవ్వు ఆగలేదు. వాడు బిత్తరపోయి చూశాడు. అదే ప్రశ్నకు జవాబు దొరకడానికి అదే వాకిట్లో ఒకప్పుడు ఎన్ని పంచాయితీలు జరిగాయో, ఎన్ని మొక్కులు మొక్కారో వాడికేం తెలుసు. నేను నవ్వు ఆపుకుని నోరు తెరిచేలోపు వాడు ఫోన్లో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి, "కొత్తదే తీస్కుంటాన పెద్దమ్మా" అని తేల్చేశాడు. నా చేతిలో చాయ ఇంకా చల్లారలేదు.

నేను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. పగలూ రాత్రీ ఇంజన్ల చప్పుడు మధ్య చదువుకున్నాను కాబట్టి యంత్రాలంటే నాకు భయం లేదు. కేసముద్రం పక్కన ఈ ఊరికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు, ఇంట్లో ట్రాక్టర్ ఉందని మా నాన్న అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. వచ్చిన మొదటి ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. మా మామ సాంబయ్య కొట్టం ముందు నిలబడి ట్రాక్టర్‌ను నిలదీస్తున్నాడు. "ఏమే, పోయిన వారం నువ్వు పొయ్యేటప్పుడు నీ డబ్బల పానాలన్ని ఉండె గదా. పెద్ద పానా యేది? ఎవలన్న మింగిండ్రా?" అని గట్టిగా అడిగాడు. ట్రాక్టర్‌కు అవతలి పక్క మా చిన్నమామ ఐలయ్య బీడీ కాలుస్తూ ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆయన కూడా ట్రాక్టర్‌తోనే అన్నాడు: "నీ సీటు కిందనే ఉన్నదని చెప్పు. కండ్లు నెత్తికెక్కినోల్లకు ముందరిది కనవడది." మా మామ సీటు కింద చెయ్యి పెట్టి పానా తీశాడు. "దొరికిందిగని, జంగు పట్టింది. నూనె రాసుడు గూడ తెల్వని చేతులల్ల పడ్డవే తల్లీ," అని ట్రాక్టర్ మీద జాలి పడ్డాడు.

ఇంట్లో ఒక్కరూ తల ఎత్తి చూడలేదు. మా నాన్న నన్ను పిచ్చోళ్ళ ఇంట్లో పడేశాడని నాకు గట్టిగా అనిపించింది. చేట అక్కడే వదిలేసి వంటింట్లోకి ఉరికాను. మా అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని ఎండుమిరపకాయలు కాలుస్తోంది. ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ, "భయపడకు బిడ్డా, వాళ్ళు మంచిగనే ఉన్నరు. అన్నదమ్ములకు మాటల్లెవ్వు. గందుకే బండితోని మాట్లాడుతరు," అంది. ఎండాకాలం ఎండలు ముదురుతాయి అన్నంత మామూలుగా చెప్పింది.

జరిగింది ఏమిటంటే, నేను రాకముందే అన్నదమ్ములు వేరుపడ్డారు. భూములు, బర్రెలు, ఇత్తడి గుండిగలు, ఆఖరికి తొక్కు జాడీలు కూడా పంచుకున్నారు. పంచడానికి వీలుకానివి రెండే మిగిలాయి. ఒకటి ట్రాక్టర్, రెండోది వాళ్ళ తల్లి. ఊరంతా ఆమెను అవ్వ అనేది, నేనూ అదే అన్నాను. పెద్దమనుషులు ఆలోచించి, రెండింటికీ వారం వారం వంతు పెట్టారు. అంతా అయిపోయి లేవబోతుంటే, టైర్లు అరగదీసింది నువ్వంటే నువ్వని మాటా మాటా పెరిగింది. మా మామ కోపం పట్టలేక బానెట్ మీద చెయ్యేసి, "ఈ బండి నడిచినన్ని దినాలు నీతోని మాట్లాడితే నా నోట్లె మన్నే" అన్నాడు. "నా నోట్లె గూడ" అని చిన్నమామ ఇంకో పక్క చెయ్యేశాడు. పెద్దమనుషులు మీసాల చాటున నవ్వుకున్నారట. అది అప్పటికే వరంగల్‌లో ఎవరో వాడి వదిలేసిన బండి. మహా అయితే దసరా దాకా నడుస్తుంది, తర్వాత వాళ్ళే కలిసిపోతారులే అనుకున్నారు. ఆ పెద్దమనుషుల్లో ఒకరిద్దరు పోయారు గానీ ట్రాక్టర్ మాత్రం పోలేదు.

ఎట్లా పోతుంది, దాన్ని పోనిస్తే కదా. క్లచ్చు పోతే క్లచ్చు వేయించారు, గేర్లు పోతే గేర్లు వేయించారు. పొగ నల్లగా వస్తోందని ఒకసారి, అసలు రావడం లేదని ఒకసారి వరంగల్ నుంచి ఖాజా మేస్త్రీని పిలిపించారు. ఈ ముసలి ఇనుముకు పెట్టిన ఖర్చుతో కొత్తది వచ్చేదని పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ "ఇది తీసేద్దాం" అని ఎవడు ముందంటే, వాడికి రెండోవాడితో మాట్లాడాలని ఆశ పుట్టిందని ఊరు అనుకుంటుంది. ఆ ఒక్క మాట పడకూడదని ఇద్దరూ పోటీ పడి దానికి మందులు మింగించారు. ఖాజా మేస్త్రీ వచ్చినప్పుడల్లా కోడిని కోయించుకుని తిని, "ఇగ ఫికర్ లేదు, ఇంజన్ గుర్రం లెక్క ఉంటది" అని చెప్పి పోయేవాడు. ఆయన ఇంటి మీద లేచిన పై అంతస్తు మాదేనని మా ఆయన అనేవాడు.

ఆదివారం మా ఇంట్లో పండగలాంటి రోజు. ట్రాక్టర్ ఇల్లు మారుతుంది, దానితో పాటు అవ్వ ఇల్లు మారుతుంది. రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక గోడ. నడిస్తే నాలుగు అడుగులు. అయినా అవ్వ నడిచేది కాదు. తన రేకు పెట్టె, తంబాకు సంచి, చుట్టలు, గొంగడి ట్రాలీలో పెట్టించుకుని, తాను మధ్యలో కూర్చుని, ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పించుకుని పక్కింట్లో దిగేది. "నన్ను, గీ ఇనుప ముండను ఒక్క గుంజకు కట్టిండ్రు. దానికన్న డీజిల్ పోస్తరు, నాకు కల్లు పొయ్యమంటె గులుగుతరు," అని దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పేది. ఆమె మా వంతుకు వచ్చిన వారం ఇల్లంతా చుట్ట వాసన, డీజిల్ వాసన, జొన్నరొట్టెలు కాలే వాసన కలిసిపోయి ఉండేవి. డీజిల్ వాసన మా మామ వల్ల. ఆయన దాన్ని మోకాళ్ళకు రాసుకునేవాడు, తేలు కుట్టిన చోట పూసేవాడు, చెదలు పట్టిన దూలానికి పట్టించేవాడు. నేను పుట్టింటికి పోతే మా అమ్మ నా చీరలు వాసన చూసి, "నిన్ను ఇంట్ల ఉంచుకుంటాండ్రా, పెట్రోల్ బంకుల ఉంచుకుంటాండ్రా?" అని అడిగింది.

పైకి అంత వేళాకోళం చేసే అవ్వకు లోపల ఒక్కటే కోరిక ఉండేది. ఒక మధ్యాహ్నం నేను తలకు నూనె పెడుతుంటే ఆ కోరిక బయటపెట్టింది. "వాడు అన్నా అనాలె, వీడు తమ్మీ అనాలె. ఒక్కసారి నా చెవుల పడాలె బిడ్డా. గంతకంటె నాకేం అక్కెర లేదు. వాళ్ళు కలిసి ఉండకున్న మంచిదే. పిలుచుకుంటె చాలు." ఆ మాట చెప్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఏడుపు వచ్చింది. వెంటనే ఆమె నా చెవి దగ్గరికి వంగి, సమ్మక్క తల్లికి మొక్కుకున్న సంగతి చెప్పింది. ట్రాక్టర్ చావాలట. చస్తే జాతరకు పోయి తన ఎత్తు బెల్లం తూకం వేసి ఇస్తుందట. ట్రాక్టర్ చావు కోరి మొక్కిన మనిషి ఆమె తప్ప ఇంకొకరు ఉంటారని నేననుకోను.

ఆ యేడు మొదటి వానలు పడగానే మొక్కు ఫలించింది. ట్రాక్టర్ మా పొలంలో దున్నుతూ దున్నుతూ ఒక్కసారి పెద్దగా దగ్గి ఆగిపోయింది. ఎద్దులను కట్టి కొట్టంలోకి లాక్కొచ్చారు. ఖాజా మేస్త్రీ వచ్చి, కోడి తిని, ఇంజన్ విప్పి, ఈసారి మాత్రం ఫికర్ లేదనలేదు. లోపల సామాను మొత్తం పోయిందన్నాడు. "పెద్ద పని పడ్డది. చేయమంటె చేస్త. లేదంటె తుక్కు కింద అమ్ముకొని కొత్తది కొనుక్కోండ్రి. అన్నదమ్ములు మంచిగ మాట్లాడుకొని నాకో మాట చెప్పుండ్రి," అని సంచి సర్దుకుని బస్సెక్కాడు. కొట్టంలో ఈ పక్క మా మామ, ఆ పక్క చిన్నమామ, మధ్యలో విప్పిన ఇంజన్ మిగిలారు. మాట్లాడుకోవాలంటే ఒట్టు పోవాలి. ఒట్టు పోవాలంటే బండి చచ్చిందని తేలాలి. చచ్చిందో బతుకుతుందో తేలాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

ఇట్లా కాదని ఊళ్ళో పెద్దమనుషులను పిలిచారు. కొట్టం ముందు మంచాలు వేసి కూర్చున్నారు. "కీ తిప్పితె గుర్రుమంటలేదు గదా, సచ్చినట్టే" అన్నాడొకాయన. "రోగమొచ్చి మంచాన పడ్డోన్ని సచ్చిండంటమా? దవాఖానకు తీస్కపోతె బతుకుతది" అన్నాడు ఇంకొకాయన. "మరి ఖాజా ఏమన్నడు?" "పైసలు పెడితె బతుకుతదన్నడు." "డాక్టర్లు గూడ గంతే గదా అనేది." పొద్దు తిరిగేదాకా ఇదే నడిచింది. నేను లోపలి నుంచి చాయలు మోస్తూ, నవ్వు ఆగక గ్లాసులు ఒలకబోశాను. చివరికి వాళ్ళు చెప్పిన తీర్పు: రిపేరా, అమ్మకమా తేలేదాకా బండి మంచాన పడ్డట్టు, ఒట్టు కూడా మంచాన పడ్డట్టు. దానితో ఎవరికి ఏం ఒరిగిందో దేవుడికే తెలియాలి. ఊళ్ళో అందరి పొలాలూ తడిసి దున్నకానికి వచ్చాయి. మా రెండిళ్ళ పొలాలే గడ్డి మొలుస్తూ పడి ఉన్నాయి.

ఆ సాయంత్రం చిన్నత్త గోడ మీది నుంచి నాకు ఉప్పు అందిస్తూ మెల్లగా చెప్పింది. "మీ చిన్నమామ తుక్కుకు అమ్ముదామంటాండు పిల్లా. సగం తీస్కొని మాకు మేమే ఒక చిన్న బండి కొనుక్కుంటమంటాండు. ఇగ ఎవల మొఖం సూసే పని లేదంటాండు." నేను లోపలికి వచ్చేసరికి మా మామ కూడా మా అత్తమ్మతో సరిగ్గా అదే మాట అంటున్నాడు. అవ్వ విన్నది. ఆమె మొహం పాలిపోయింది. బండి పోతే ఒట్టు పోతుందనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. బండితో పాటు ఆదివారాలు పోతాయని, కొట్టంలో ఆ నాలుగు తిట్లు కూడా పోతాయని ఆమెకు తట్టలేదు. అప్పటికప్పుడు తూర్పు తిరిగి చేతులు జోడించింది. "అమ్మా సమ్మక్కా, ముసల్దాన్ని, తెల్వక అడిగిన. దాన్ని సంపమన్న మాట వాపస్ తీస్కుంటాన. బతికియ్యి తల్లీ. బెల్లం గంతే ఇస్త, ఎక్కువడగకు." నేను పక్కనే ఉన్నాను. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మర్నాడు ఆమె తన మంచం కొట్టంలో, ట్రాక్టర్ పక్కన వేయించుకుంది. ఇదేమిటని ఇద్దరు కొడుకులూ అటూ ఇటూ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వైపు చూడనైనా లేదు. ట్రాక్టర్ మడ్‌గార్డు మీద చెయ్యేసి దానితోనే అంది. "బండి ఎవల వంతో నేను వాల్ల వంతు. గట్లనే కదా పంచింది. బండి మంచాన పడ్డది, నేను గూడ పడ్డ. గీల్లతోని నాకు మాటలు లెవ్వని చెప్పే బండీ. మాట్లాడితె నా నోట్లె మన్నే." వాళ్ళ విద్య వాళ్ళకే అప్పజెప్పింది.

అట్లా మొదలైంది మా కొట్టంలో అవ్వ దర్బారు. చుట్ట వెలిగించి, గొంతు పెంచి, ట్రాక్టర్‌కు కొడుకుల చిన్ననాటి ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టింది. బట్టలుతుకుడుకు పొయ్యేవాళ్ళు, గడ్డికి పొయ్యేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. మా మామ బడికి భయపడి వడ్ల గుమ్మిలో దాక్కుని అక్కడే నిద్రపోతే, ఊరంతా బావులు వెతికారట. చిన్నమామ పెళ్ళిచూపులకు పోయి పిల్ల మొహమైనా చూడకుండా, పిల్ల తల్లి పెట్టిన సకినాలు తిని ఒప్పుకున్నాడట. ఆ రాత్రి చిన్నత్త ఇంట్లో గిన్నెల చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. "అవ్వకు జర చెప్పు, ఇజ్జత్ తీస్తాంది" అని మా మామ నన్ను బతిమాలాడు. "నాతోటి గూడ మాట్లాడతలేదు మామా, బండితోనే మాట్లాడుతాంది" అన్నాను. నాతో బాగానే మాట్లాడేది. కానీ అది ఆయనకు చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఒకరోజు పొద్దు నెత్తి మీదికి వచ్చిన వేళ, పని లేక అన్నదమ్ములిద్దరూ కొట్టం దగ్గరే ఉన్నారు. చుట్టుపక్కల వాళ్ళు కూడా చేరారు. అవ్వ ట్రాక్టర్‌కు బావి ముచ్చట ఎత్తుకుంది. "బండీ, ఐలడు చిన్నప్పుడు మోటబాయిల పడ్డడే. పక్కన వీని అన్న ఉన్నడు. ఉండి ఏం చేసిండు? తమ్మున్ని బాయిల ఇడిచిపెట్టి ఇంటికి ఉరికచ్చిండు. వచ్చి గడ్డివాము సాటున కూసున్నడు. గసొంటోడే వాడు. నా కడుపున పుట్టిండని చెప్పుకుంట గని, నాకు వాని మీద ఎన్నడు నమ్మకం లేదు." వింటున్నవాళ్ళలో ఒకరిద్దరు ముక్కు మీద వేలేసుకున్నారు. నేను మా మామను చూశాను. ఆయన మొహం నల్లబడింది. కండువాతో మొహం తుడుచుకున్నట్టు చేసి గోడ వైపు తిరిగాడు. ఆ మనిషి అంత చిన్నబోవడం నేను ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ట్రాక్టర్ అవతలి పక్క నుంచి ఒక కేక లేచింది. "అబద్ధం! గది అబద్ధమవ్వా! అన్న నన్ను ఇడిచిపెట్టలే. నా ఎన్కనే దుంకిండు. ఈత రాకున్నా దుంకిండు!" చిన్నమామ ట్రాక్టర్ వైపు చూడటం లేదు. ఎర్రబడ్డ కళ్ళతో నేరుగా అన్న వైపు చూస్తున్నాడు. "చెప్పవేందే అన్నా? గట్ల నిలబడ్డవేంది? నువ్వు దుంకలేదా? మనిద్దర్ని నాయిన మోకు వేసి గుంజలేదా?" మా మామ మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. అయితే ఆయన నోట వచ్చిన మొదటి మాట మాత్రం వేరు.

"దుంకిన. గని నాకు ఈత రాదని ఎవలన్నరురా తమ్మీ?"

"రాదు గదనే!"

"ఎందుకు రాదు? మంచిగ వస్తది. నువ్వు మెడ పట్టుకుంటివి గాబట్టి మునిగిన."

"నేను మెడ పట్టుకున్ననా? నువ్వే నా కాలు పట్టుకుంటివి! నీ బరువుకే నేను ఇంక కిందికి పోతి!"

ఇక ఆగలేదు. ఇన్నేళ్ళ మాటలన్నీ ఒక్కసారి కట్ట తెగి బయటపడ్డాయి. బావి నుంచి మొదలుపెట్టి, టైర్ల మీదికి, అక్కడి నుంచి పెద్ద పానా మీదికి వచ్చారు. ఇద్దరి మధ్య ట్రాక్టర్ అడ్డమొస్తోందని చిన్నమామ దాని ముందు నుంచి తిరిగి ఈ పక్కకు వచ్చేశాడు. అంతా అయ్యాక ఒట్టు తప్పారా లేదా అని పెద్దమనుషులు మళ్ళీ కూర్చున్నారు గానీ, ఆ పంచాయితీ ఎవరూ వినలేదు. తర్వాత నేను అవ్వను చాటుగా అడిగాను: ముచ్చట నిజంగానే మర్చిపోయావా అని. "అప్పుడు ఇద్దర్ని బోర్లేసి నీల్లు కక్కించింది నేనే గదా బిడ్డా" అని మాత్రం అంది.

రిపేరా, కొత్తదా అన్న సంగతి ఆ తర్వాత నేరుగానే తేలింది. తేలడానికి మాత్రం మళ్ళీ చాలా కొట్లాట అయింది. ఒకడు ఎర్ర రంగుదంటే ఒకడు నీలం రంగుదన్నాడు. పాతది తుక్కుకు పోయింది. ఇద్దరూ కలిసి ఒక్కటే కొన్నారు, కలిసి కొందామని ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. ఖాజా మేస్త్రీ కబురు విని నిజంగా బాధపడ్డాడని విన్నాను. అవ్వ జాతరకు పోయి, చచ్చినందుకో బతికినందుకో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని బెల్లం ఇచ్చేసి వచ్చింది. వంతులు కూడా పోయాయి. ఆమె ఏ ఇంట్లో కూర వాసన బాగుంటే ఆ ఇంట్లో తినేది.

ఇప్పుడు మా ఇళ్ళలో అట్లాంటి పట్టింపులు లేవు. మా మరిది కొడుకు తన ట్రాక్టర్ తను కొనుక్కుంటాడు, నా కొడుకు భూమి కౌలుకిచ్చాడు. ఒకరి నాగలి ఒకరికి అక్కర లేదు, ఒకరి పానా ఒకరి దగ్గర ఉండదు. కలిసినప్పుడు ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటారు. మంచిదే. ఎవరూ అలగరు, అలిగి కూర్చునేంతసేపు ఎవరూ ఒకచోట ఉండరు. మాటల్లేకుండా అన్నేళ్ళు బతికిన ఆ ఇద్దరు మొండిఘటాలకు ఒకరి గురించి ఒకరికి తెలిసినంత, రోజూ ఫోన్లలో పలకరించుకునే ఈ పిల్లలకు తెలుసా అని నాకు అనుమానం. పాతరోజులే గొప్పవని నేననను. ఆ డీజిల్ వాసన నాకిప్పటికీ పడదు. కానీ మొన్న చల్లారని చాయ చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు, కొట్లాటలు లేని ఆ వాకిలి నాకు బోసిగా అనిపించింది.

ఆ బావి ముచ్చట రోజున మధ్యాహ్నం ఇద్దరూ కొట్టంలోనే పక్కపక్కన కూర్చుని తిన్నారు. లేచి ఇళ్ళకు పోతే మాట ఎక్కడ తెగిపోతుందోనని కావచ్చు, ఎవరూ లేవలేదు. మా అత్తమ్మ అన్నం తెచ్చింది, చిన్నత్త మొహం ముడుచుకునే పప్పు తెచ్చింది. నేను వడ్డించాను. తింటూ కూడా ఈత వచ్చా రాదా అన్నది తెగలేదు. "తమ్మీ, నీకు తెల్వదు" అని ఒకరు, "అన్నా, నువ్వూకో" అని ఒకరు అరుస్తున్నారు. వీధిలో పొయ్యేవాళ్ళు కొట్టుకుంటారేమోనని ఆగి చూస్తున్నారు. అవ్వ తన పళ్ళెం ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, తల కొద్దిగా వంచి, వాళ్ళ అరుపులు వింటోంది. అన్నం చల్లారిపోతోందని, తినమని ఆమె భుజం తట్టాను. ఆమె కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుని చిన్నగా అంది:

"నాకు తర్వాత. ముందుగాల వాల్లకు జర పచ్చిపులుసు పొయ్యి బిడ్డా. గొంతులెండితె కొట్లాట ఆగుతది."